మీ సరుకు రూపు మీకే దక్కాలంటే

కిరాణా కొట్టుకు వచ్చి "ఆ నీలం పట్టీ ఉన్న పచ్చడి ఇవ్వండి" అని అడిగేవాళ్లను గమనించండి. తయారీదారు పేరు వాళ్లకు గుర్తుండదు. సీసా గుర్తుంటుంది. ఆ గుర్తు కోసం మీరు ఏళ్ల తరబడి కష్టపడి ఉంటారు, నాణ్యత తగ్గకుండా చూసుకుని ఉంటారు. అదే నీలం పట్టీతో వేరే పేరు సీసా పక్క అరలో కనిపిస్తే, మీ కష్టంలో కొంత ఇంకొకరి గల్లాపెట్టెలోకి పోయినట్టే. ఇలా జరగకుండా ఆపడానికి మన ట్రేడ్‌మార్క్ చట్టంలో దారి ఉంది. ప్యాకింగు, రంగుల కలయిక, సీసా ఆకారం, లేబుల్ అమరిక అన్నీ కలిసి కొనేవాడి కంటికి కనిపించే రూపును ఈ రంగంలో ట్రేడ్ డ్రెస్ అంటారు.

నేను విజయవాడలో ట్రేడ్‌మార్క్ ఏజెంటును. అంతకుముందు లేబుళ్లు, పౌచ్‌లు అచ్చువేసే ప్రెస్సులో డిజైన్ విభాగంలో పనిచేశాను. ఎవరిదో ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టి "పేరు మార్చి, మిగతాదంతా అచ్చం ఇలాగే చేసిపెట్టండి" అని అడిగేవాళ్లను అక్కడ చాలామందిని చూశాను. నకలు ఎలా పుడుతుందో దగ్గరగా చూశాను కాబట్టి, దాన్ని ఎదుర్కోవాలంటే ముందునుంచి ఏం సిద్ధం చేసుకోవాలో చెప్పగలను. నేను గట్టిగా నమ్మేది ఇది: రూపు మీద హక్కుకు పునాది ట్రేడ్‌మార్క్ నమోదు సర్టిఫికెట్ కంటే ముందే పడుతుంది. ఒకే రూపును మార్చకుండా వాడాలి, అలా వాడినట్టు తేదీలతో చూపగలగాలి. ఈ రెండూ ఉన్నవాడికి సర్టిఫికెట్ కొండంత బలం. రెండూ లేనివాడు సర్టిఫికెట్ చేతపట్టుకున్నా కోర్టులో తడబడతాడు.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది

1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. మార్కు అంటే పేరు, బొమ్మ, లేబుల్ మాత్రమే కాదని, సరుకు ఆకారం, ప్యాకింగు, రంగుల కలయిక కూడా మార్కేనని ఆ చట్టం సెక్షన్ 2లోనే చెప్పింది. అయితే ఒక షరతు ఉంది. ఆ రూపు మీ సరుకును ఇతరుల సరుకు నుంచి వేరుచేసి చూపగలగాలి. అందంగా ఉంటే చాలదు.

సెక్షన్ 9(3) కొన్ని ఆకారాలను పూర్తిగా పక్కన పెట్టింది. సరుకు స్వభావం వల్లే వచ్చే ఆకారం, సాంకేతిక ఫలితం కోసం తప్పనిసరైన ఆకారం, సరుకుకు అసలు విలువ తెచ్చిపెట్టే ఆకారం. మన దగ్గరి ఉదాహరణలతో చెబుతాను. పూతరేకును ఆ విధంగా మడవకపోతే అది పూతరేకే కాదు. ఆ మడతను ఎవరూ సొంతం చేసుకోలేరు. నూనె పౌచ్‌కు ధార సన్నగా పడేలా పెట్టిన ముక్కు ఒక పని కోసం ఉన్నది. దానికి పేటెంటు వస్తుందేమో ఆలోచించుకోవచ్చు, ట్రేడ్‌మార్క్ మాత్రం రాదు. కొండపల్లి బొమ్మలాంటి వస్తువును జనం ఆ ఆకారం కోసమే కొంటారు. అక్కడ ఆకారమే సరుకు.

ఈ మూడు గడపలూ దాటాక కూడా సహజంగా విశిష్టత లేని రూపు అయితే, దరఖాస్తు తేదీకి ముందే వాడకం ద్వారా విశిష్టత సంపాదించిందని మీరు రుజువు చేయాలి. ప్యాకింగు విషయంలో దరఖాస్తును పరిశీలించే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ అధికారి దాదాపు ఎప్పుడూ వేసే ప్రశ్న ఇదే.

మీ రూపులో ఏది మీది?

అందరూ తొందరపడి దాటేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఒక కాగితం తీసుకుని, మీ సరుకు ఎదురుగా పెట్టుకుని, కంటికి కనిపించే ప్రతి అంశాన్నీ విడివిడిగా రాయండి. ఒక్కోదాని ఎదురుగా "ఇది ఇంకెవరికైనా ఉందా? ఎందుకు ఉంది?" అని రాయండి.

తెనాలి దగ్గర అక్కాచెల్లెళ్లు ఇద్దరు నడిపే పచ్చళ్ల యూనిట్ వాళ్లు నా దగ్గరకు వచ్చినప్పుడు వాళ్ల సీసాతో ఈ పనే చేయించాను. నలుచదరపు గాజు సీసా. మూత మీద ఎర్ర గళ్ల గుడ్డ, దాన్ని బిగించిన జనపనార తాడు. గుడ్డ కింద ఆవపువ్వు పసుపు రంగు మూత. సీసా ముందువైపు ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఏటవాలుగా సాగే ముదురు నీలం పట్టీ, దాని రెండంచుల వెంటా తెల్ల చుక్కల మెలిక ముగ్గు. ఒక మూలన చిన్న పచ్చడి జాడీ బొమ్మ. పైకి చూస్తే అంతా వాళ్లదే అనిపిస్తుంది. వాళ్లూ అలాగే అనుకుంటున్నారు. "అంతా మాదేనండీ, చెల్లెలు స్వయంగా కూర్చుని గీయించింది" అంది పెద్దామె.

ఒక్కోటీ తీసి పక్కన పెడుతూ వచ్చాం. నలుచదరపు సీసా డీలరు దగ్గర ఎవరికైనా దొరికే అచ్చు. అది వాళ్లది కాదు. గళ్ల గుడ్డ, తాడు "ఇంటి పచ్చడి" అని చెప్పుకునే ప్రతివాళ్లూ కడుతున్నారు. జాడీ బొమ్మ పచ్చళ్ల వ్యాపారమంతటికీ ఉమ్మడి. ఎరుపు మిరపకు, ఆకుపచ్చ గోంగూరకు ఎవరైనా వాడతారు. ఆకుపచ్చ చుక్క శాకాహార గుర్తు, నికర బరువు, తయారీ తేదీ లాంటివి చట్టం అందరితోనూ వేయిస్తుంది. చివరికి మిగిలింది ఏటవాలు నీలం పట్టీ, దాని అంచున ముగ్గు, పసుపు మూత, ఈ మూడూ అదే చోట అదే కొలతలో కలిసి ఉండటం. పచ్చళ్ల అరలో నీలం అరుదు. ఏటవాలు పట్టీ ఇంకా అరుదు. వాళ్ల ఆస్తి అదీ. ముప్పావు వంతు తీసేశామని వాళ్లు నీరసపడ్డారు గానీ, నాకు మాత్రం ధైర్యం వచ్చింది. దేన్ని కాపాడాలో స్పష్టంగా తెలిసింది కదా.

తర్వాత ఆ మిగిలినదాన్ని మాటల్లో పెట్టండి. మేము రాసుకున్నది ఇలా ఉంది: "పాత్ర ముందు భాగం మీద ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఏటవాలుగా సాగే ముదురు నీలం పట్టీ, పట్టీ రెండంచుల వెంట ఒకే వరుసలో తెల్ల చుక్కలు, వాటిని చుట్టుకుంటూ సాగే తెల్ల మెలిక గీత, పాత్ర మూత ఆవపువ్వు పసుపు రంగు. పాత్ర ఆకారం మార్కులో భాగం కాదు." చివరి వాక్యం ఎందుకంటే, మీది కానిదాన్ని మీరే వదిలేస్తే మిగిలినదాని మీద మీ మాటకు బరువు పెరుగుతుంది. "ఆకర్షణీయమైన", "సంప్రదాయ" లాంటి విశేషణాలు వద్దు. చూడని మనిషి చదివి గీయగలిగేలా ఉండాలి.

ఇంకో పని. పెద్ద కిరాణా కొట్టుకు, సూపర్ మార్కెట్‌కు వెళ్లి మీ సరుకు ఉండే అరను ఫోటో తీయండి. పోటీదారుల ప్యాకెట్లు కొని, మీదాంతో కలిపి వరుసగా పెట్టి ఇంకో ఫోటో తీయండి. మీ రూపు ఆ వరుసలో ఎంత వేరుగా కనిపిస్తుందో ఆ ఫోటో చెబుతుంది. "ఈ ప్యాకింగు వ్యాపారంలో అందరూ వాడేదే" అని అధికారి అభ్యంతరం పెట్టినప్పుడు నేను మొదట బయటికి తీసే కాగితం అదే.

కోర్టులు కంటితో ఎలా చూస్తాయి

రెండు ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టడం మనకు అలవాటు. సుప్రీంకోర్టు అలా చూడకూడదని 1972లోనే చెప్పింది. పార్లే సంస్థ గ్లూకో బిస్కెట్ల కాగితం మీద పొలం దగ్గరి ఇల్లు, చెట్లు, మధ్యలో నీళ్ల బకెట్టు పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్లు ఉండేవి. మైసూరుకు చెందిన జె.పి. అండ్ కంపెనీ బిస్కెట్ల కాగితం మీదా ఒక అమ్మాయి ఉంది. ఆమె తల మీద గడ్డిమోపు, చేతిలో కొడవలి. చుట్టూ మళ్లీ ఆవులూ కోళ్లే, వెనక ఇల్లే. కింది కోర్టులు తేడాలు చూసి దావా కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిరగరాసింది. కొనేవాడు రెండు కాగితాలూ చేత్తో పట్టుకుని పోల్చడు, ఎప్పుడో చూసిన ఒకదాని తలపుతో రెండోదాన్ని తీసుకుంటాడు. ఆ తలపులో మిగిలేది రంగు, అమరిక, మొత్తం బొమ్మ. అమ్మాయి చేతిలో బకెట్టా కొడవలా అన్నది మిగలదు.

2003లో ఢిల్లీ హైకోర్టు కోల్గేట్ పళ్లపొడి డబ్బా విషయంలో ఇదే దారిలో వెళ్లింది. మూడోవంతు ఎరుపు, మిగతా తెలుపు ఉన్న డబ్బా రంగుల కలయికను పోటీ సంస్థ యాంకర్ వాడకుండా ఆపింది. పేర్లు వేరైనా, చదువు రాని కొనుగోలుదారు రంగులనే చూసి కొంటాడన్నది అందులోని తర్కం. 2011లో బొంబాయి హైకోర్టు గోర్బచోవ్ వోడ్కా సీసా విషయంలో ఆకారానికే రక్షణ ఇచ్చింది. రష్యా చర్చి గుమ్మటంలా ఉల్లిగడ్డ ఆకారంలో ఉండే ఆ సీసాకు వోడ్కాతో సహజ సంబంధం ఏమీ లేదు. ఏ పని కోసమూ ఆ ఆకారం అవసరం లేదు. కల్పన ఎంత ఎక్కువగా ఉంటే రక్షణ అంత బలంగా ఉంటుందని ఇందులోంచి నేర్చుకోవాలి.

ఎదురు గాలి వీచిన కేసు కూడా తెలుసుకోండి. ఐటీసీ తన సన్‌ఫీస్ట్ ఫార్మ్‌లైట్ డైజెస్టివ్ బిస్కెట్లను పసుపు, నీలం ప్యాకెట్‌లో 2016 ఫిబ్రవరిలో తెచ్చింది. అదే ఏడాది బ్రిటానియా దగ్గరి రంగులతో న్యూట్రిచాయిస్ ప్యాకెట్ తెచ్చింది. ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం మొదట బ్రిటానియాను ఆపినా, 2017 మార్చిలో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. కొన్ని నెలల వాడకంతో ఆ రంగుల కలయిక ఒక్క ఐటీసీకే చెందినదిగా జనం మనసులో నాటుకుందని చెప్పలేమంది. అంత పెద్ద సంస్థ, అంత ప్రచారం ఉండి కూడా కాలం చాలలేదు. దసరాకు ఒక లేబుల్, సంక్రాంతికి ఒక లేబుల్ మార్చే చిన్న తయారీదారులు ఈ తీర్పును గోడకు అంటించుకోవాలి. పండుగకు ప్రత్యేకత కావాలంటే సీసా మెడకు ఒక చిన్న చీటీ కట్టండి. పట్టీని, రంగును ముట్టుకోకండి.

ఆధారాల పెట్టె

నా దగ్గరకు వచ్చేవాళ్లు సంచి నిండా అమ్మకం బిల్లులు తెస్తారు. అవి అవసరమే. కానీ బిల్లు మీద సరుకు పేరు ఉంటుంది, రూపు ఉండదు. ఫలానా ఏడాది ఇన్ని సీసాలు అమ్మారని బిల్లు చెబుతుంది, ఆ సీసాల మీద నీలం పట్టీ ఉందని చెప్పదు. రూపును, తేదీని, అమ్మకాన్ని ఒకదానితో ఒకటి ముడివేసే కాగితాలు విడిగా కావాలి.

ఆ ముడి ప్రెస్సు దగ్గర దొరుకుతుంది. లేబుల్ మొదటి ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసే నమూనా) మీద తేదీ వేసి, మీరు సంతకం చేసి, ప్రెస్సు ముద్ర వేయించుకుని ఒక ప్రతి దాచండి. లేబుళ్లు అచ్చువేసిన ప్రతిసారీ ప్రెస్సు ఇచ్చే బిల్లు మీద "లేబుళ్లు 5,000" అని రాయించుకుని ఊరుకోకుండా, ఆ డిజైన్‌కు మీరు పెట్టుకున్న నంబరు కూడా రాయించండి. ఆ బిల్లుకు ఒక అచ్చు లేబుల్ పిన్ను చేయండి. ఏడాదికి ఒక్కసారైనా ప్యాక్ చేసిన సరుకు ఒకటి బ్యాచ్ నంబరుతో సహా విప్పకుండా పక్కన పెట్టండి. పాడైపోయే సరుకైతే ఖాళీ ప్యాకింగు చాలు. ప్రదర్శనల్లో పెట్టిన స్టాలు ఫోటోలు, పత్రికల్లో ఇచ్చిన ప్రకటనలు పత్రిక పేరు, తేదీ కనిపించేలా, ఆన్‌లైన్‌లో అమ్మితే ఆ పేజీల నకళ్లు, ప్రచారానికి ఏటా పెట్టిన ఖర్చును చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన పట్టిక ఇవన్నీ ఒకేచోట ఉండాలి. ఫోన్‌లోని, కంప్యూటర్‌లోని ఆధారాలు కోర్టుకు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. అందుకే అసలు ఫైళ్లను చెరపకండి.

కొనేవాళ్ల మాటలకు ప్రత్యేకమైన విలువ ఉంది. "నీలం పట్టీ పచ్చడి మళ్లీ పంపండి" అని వాట్సాప్‌లో వచ్చిన సందేశం నాకు వంద బిల్లులతో సమానం. రూపును చూసి మిమ్మల్ని గుర్తుపడుతున్నారనడానికి అది సూటి సాక్ష్యం. అలాంటి మాటలు వచ్చేలా మీరూ చేయవచ్చు. ప్రకటనలో, కొట్టు బోర్డు మీద "ఏటవాలు నీలం పట్టీ చూసి కొనండి" అని రాయండి. ఇలా రాయడానికి అదనపు ఖర్చేమీ లేదు. రూపు వైపు కొనేవాడి చూపు తిప్పుతున్నారని తర్వాత కోర్టుకు చూపవచ్చు కూడా.

లేబుల్ గీసినవాళ్ల నుంచి హక్కు రాయించుకోవడం మరవకండి. లేబుల్ కళాకృతి, దానికి కాపీరైట్ ఉంటుంది. డబ్బు ఇచ్చాం కాబట్టి మనదే అనుకోవడం ప్రమాదం. బయటి డిజైనరైతే బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం అది ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. "కాపీరైట్ పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ" అని రాయించండి. పౌచ్‌ల అచ్చుకు చెక్కించిన సిలిండర్లు ఎవరివో, ప్రెస్సు మారినప్పుడు ఎవరికి అప్పగించాలో కూడా అందులోనే ఉండాలి. ప్రెస్సులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, చాలా నకళ్లకు దారి పాత ఫైళ్ల నుంచే పడుతుంది. తెలిసి నకలు లేబుల్ అచ్చువేసిన ప్రెస్సుకు కూడా ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 29 కింద బాధ్యత ఉంది. ప్రెస్సు యజమానులు ఈ సంగతి తెలుసుకోవాలి, మీరూ మర్యాదగా గుర్తుచేయాలి.

దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ కిందికి వస్తాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు కాబట్టి గిండీ దాకా వెళ్లనవసరం లేదు. ముందు రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతకండి. పేరుతోనే కాకుండా, బొమ్మలను అంకెలుగా వర్గీకరించే వియన్నా కోడ్‌తో కూడా వెతకండి. పట్టీలు, ముగ్గులు, పువ్వులు అన్నిటికీ కోడ్లు ఉంటాయి. రూపు వెతకడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఫారం టీఎం-ఎ ఒక్కటే. రుసుము ఒక్కో తరగతికి ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. చిన్న సంస్థగా తగ్గింపు కావాలంటే ఉద్యం నమోదు పత్రం జతచేయాలి. పచ్చళ్లు, నెయ్యి 29వ తరగతి, కారప్పొడులు, మసాలాలు, మిఠాయిలు 30వ తరగతి. రెండూ అమ్మితే రెండిటికీ కట్టాలి.

డబ్బు పరిమితంగా ఉంటే నేను చెప్పే వరుస ఇది. మొదటి దరఖాస్తు పేరుకు, వట్టి అక్షరాలతో. రెండోది లేబుల్‌కు, రంగులతో. రంగుల కలయికను హక్కుగా కోరుతున్నట్టు దరఖాస్తులోనే చెప్పాలి, మీరు రాసుకున్న వర్ణన అందులో పెట్టాలి. పేరును, రూపును ఒకే దరఖాస్తులో కలిపి ఊరుకోవద్దని పట్టుబట్టి చెబుతాను. నకలు చేసేవాడు మొదట మార్చేది పేరునే. కలిపి నమోదు చేసిన మార్కులో పేరు వేరైతే "మొత్తం చూస్తే వేరు" అని వాదించే అవకాశం అతనికి దొరుకుతుంది. అందుకే లేబుల్ దరఖాస్తులో వీలైతే పేరు లేని రూపునే పెట్టండి. సీసా అచ్చు మీరు సొంతంగా చేయించుకున్నదైతేనే మూడో దరఖాస్తు, ఆకారానికి. 2017 నాటి నియమాల ప్రకారం సరుకు ఆకారానికి, ప్యాకింగు ఆకారానికి కనీసం ఐదు వైపుల నుంచి తీసిన చిత్రాలు, మాటల్లో వర్ణన ఇవ్వాలి. తెల్లటి నేపథ్యం మీద, నీడలు పడకుండా, ముందు, వెనక, పక్క, పై, అడుగు తీయించండి.

ఎప్పటినుంచి వాడుతున్నారో రాసేచోట జాగ్రత్త. "2014 నుంచి" అని రాస్తే దానికి అఫిడవిట్, ఆధారాలు జతచేయాలి. ఆ తేదీ పేరు మొదలైన రోజు కాదు, ఈ రూపు మొదలైన రోజు. ఆధారాల పెట్టెలోని మొట్టమొదటి ప్రూఫు చూసి రాయండి.

తర్వాత పరిశీలన నివేదిక వస్తుంది. విశిష్టత లేదని సెక్షన్ 9 కింద, ఇంకొకరి మార్కును పోలి ఉందని సెక్షన్ 11 కింద అభ్యంతరాలు ఉండవచ్చు. నివేదిక అందిన నెలలోపు జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తును వదులుకున్నట్టు లెక్కించే ప్రమాదం ఉంది. కాబట్టి దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌ను చూస్తూ ఉండండి. అర ఫోటో, వాడకం ఆధారాలు, అమ్మకాల పట్టిక జవాబుతోనే పంపండి. విచారణ దాకా దాచిపెట్టుకుంటే లాభం లేదు. ఒప్పుకున్నాక ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వస్తుంది. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం వేయకపోతే నమోదవుతుంది. హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్క, పదేళ్లకోసారి పునరుద్ధరణ. నమోదయ్యేదాకా టీఎం గుర్తు వేసుకోండి. వృత్తంలో ఆర్ గుర్తు నమోదు తర్వాతే. ముందే వేస్తే చట్టప్రకారం తప్పు. జర్నల్ ప్రతి వారం వస్తుంది. మీ తరగతిలో మీ రూపును పోలినది వచ్చిందేమో చూస్తూ ఉంటే, నకలు కాగితం మీద ఉన్నప్పుడే ఆపవచ్చు.

డిజైన్ చట్టం గురించి కూడా అడుగుతుంటారు. సీసా ఆకారం పూర్తిగా కొత్తదై, ఇంకా బయటికి రాకపోతే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయవచ్చు. పదేళ్లు, ఆపై మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. అయితే అమ్మకానికి పెట్టాక కొత్తదనం పోతుంది, కాబట్టి అది ముందే తేల్చుకోవాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు వచ్చిన భౌగోళిక గుర్తింపు వేరే సంగతి. అది ఆ ప్రాంతపు తయారీదారులందరిదీ, మీ పెట్టె రూపును అది కాపాడదు.

నకలు కనిపిస్తే

ముందు కొనండి. బిల్లుతో, వేరే మనిషి చేత, వీలైతే రెండు మూడు ఊళ్లలో. కొట్టు, అర, రెండు సరుకులూ ఉన్నచోటు ఫోటో తీయించండి. కొట్టువాడితో గొడవ పెట్టుకోవద్దు. చాలాసార్లు అతనికీ తేడా తెలియదు, రేపు అతనే మీ సాక్షి కావచ్చు.

మీ లేబుల్ నమోదై ఉంటే సెక్షన్ 29 కింద ఉల్లంఘన దావా. నమోదు లేకపోయినా, తన సరుకును మీదిగా చెలామణి చేసేవాడి మీద వేసే పాసింగ్ ఆఫ్ దావా హక్కును సెక్షన్ 27(2) కాపాడింది. అక్కడ మీరు మూడు చూపాలి. మీకు ఆ రూపుతో మంచిపేరు ఉందని, అవతలివాడి రూపు జనాన్ని పొరబాటు పడేలా చేస్తోందని, దానివల్ల మీకు నష్టం జరిగిందని లేదా జరగబోతోందని. ముందుగా వాడినవాడి హక్కు ఎంత గట్టిదో 2015లో సుప్రీంకోర్టు తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో చెప్పింది. నమోదు చేసుకున్నవాడి కంటే ముందునుంచి వాడుతున్నవాడిదే పైచేయి అని తేల్చింది. మరి నమోదు ఎందుకంటే, ఒక పెద్ద తేడా ఉంది. నమోదైన మార్కుకు మీరు ఉంటున్న చోటే, వ్యాపారం చేసే చోటే జిల్లా కోర్టులో దావా వేయడానికి సెక్షన్ 134 వీలు కల్పిస్తుంది. పాసింగ్ ఆఫ్‌కు ఆ సౌకర్యం లేదు. అవతలివాడు ఉన్నచోటికో, నకలు అమ్ముడైన చోటికో మీరే వెళ్లాలి. సూరత్‌లో తయారై ఇండోర్‌లో అమ్ముడయ్యే నకలు మీద తెనాలిలో దావా వేయగలగడం చిన్న తయారీదారుకు ప్రాణం లేచివచ్చే విషయం.

లీగల్ నోటీసు ఇవ్వాలా అన్నది పరిస్థితిని బట్టి. అవతలివాడు చిన్నవాడు, తెలియక చేశాడనిపిస్తే నోటీసు చాలు. లేబుల్ మార్చేసి ఊరుకుంటాడు. కావాలని చేసినవాడికి నోటీసు ఇస్తే గోడౌన్ రాత్రికి రాత్రి ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు నేరుగా కోర్టుకు వెళ్లి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు, సరుకు జాబితా రాయడానికి కోర్టు కమిషనర్ నియామకం అడగమని న్యాయవాదికి చెప్పండి. తగిన ఆధారం లేకుండా బెదిరింపు నోటీసులు ఇస్తే అవతలివాడే సెక్షన్ 142 కింద మీ మీద దావా వేయవచ్చు.

తాత్కాలిక ఉత్తర్వు మీదే బలం పెట్టండి. క్యాడ్‌బరీ జెమ్స్ చాక్లెట్ గోళీల విషయంలో "జేమ్స్ బాండ్" పేరుతో అలాంటి ప్యాకెట్ తెచ్చిన సంస్థ మీద 2005లో వేసిన దావాకు ఢిల్లీ హైకోర్టు తుది తీర్పు 2022లో ఇచ్చింది. పది లక్షల నష్టపరిహారం కూడా ఇప్పించింది. అన్నేళ్లూ రక్షించేది మొదట్లో తెచ్చుకునే తాత్కాలిక ఉత్తర్వే. నకలు చూసి కూడా ఏళ్ల తరబడి ఊరుకుంటే ఆ ఉత్తర్వు అడగడానికి మొహం చెల్లదు.

అమెరికాకు పంపుతుంటే

అక్కడి తెలుగు కుటుంబాల కోసం పచ్చళ్లు, పొడులు పంపేవాళ్లు చాలామంది. ఇక్కడి నమోదు అక్కడ చెల్లదు. పలు దేశాల్లో మార్కు నమోదు కోరేందుకు వీలు కల్పించే మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో భారత్ 2013లో చేరింది కాబట్టి ఇక్కడి దరఖాస్తు ఆధారంగానే అక్కడ కూడా కోరవచ్చు. అక్కడ సరుకు ఆకారానికి సహజ విశిష్టత ఒప్పుకోరు. వాడకంతో గుర్తింపు వచ్చిందని రుజువు చేయాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 2000లో వాల్‌మార్ట్ కేసులో చెప్పింది. ప్యాకింగుకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది. అందుకే అక్కడికి మొదట లేబుల్, పేరు తీసుకెళ్లండి. ఎగుమతి కోసం వేరే లేబుల్ చేయించుకునే అలవాటు ఉంటే మానుకోండి. రెండు దేశాల్లోనూ ఒకే పట్టీ ఉంటే ఆధారాలు రెండు చోట్లా పనికొస్తాయి.

రూపు మార్చక తప్పకపోతే

కొత్త నిబంధన వస్తుంది, సీసా సరఫరా ఆగిపోతుంది, పాత డిజైన్ మీకే బోరు కొడుతుంది. చివరి కారణానికి లొంగకండి. మీకు బోరు కొట్టేసరికి కొనేవాడికి అప్పుడప్పుడే గుర్తు నిలుస్తుంటుంది. నిజంగా మార్చాల్సి వస్తే ఒక్కసారే అన్నీ మార్చకుండా, మీరు రాసుకున్న వర్ణనలోని రెండు అంశాలను అలాగే ఉంచి ఒకదాన్ని మార్చండి. తెనాలి అక్కాచెల్లెళ్లకు గాజు సీసా నుంచి ప్లాస్టిక్ పౌచ్‌కు మారాల్సి వచ్చింది. పసుపు మూత పోయింది. పౌచ్ పై సీలు పట్టీనే ఆవపువ్వు పసుపులో వేయించి, నీలం పట్టీని అదే కోణంలో, అదే వాటాలో ఉంచాం. కొత్త రూపుకు కొత్త దరఖాస్తు వేశాం, పాతదాన్ని వదిలేయలేదు. గాజు సీసాను చిన్న పరిమాణంలో అమ్ముతూనే ఉన్నారు. నమోదైన మార్కును ఐదేళ్లకు పైగా వాడకపోతే దాన్ని రిజిస్టరు నుంచి తీసేయమని ఎవరైనా అడగవచ్చు. కొత్త పౌచ్ మొదటి ప్రూఫు మీద తేదీ, సంతకం, ప్రెస్సు ముద్ర పడ్డాకే అచ్చుకు అనుమతి ఇచ్చాం.